గుడ్డు వేయని కేకు

రేణిగుంట పక్క ఎస్సీ కాలనీలో ప్రసన్న ఇడ్లీ పాత్రలో కేకు పెట్టి, నిమిషానికోసారి మూత తీసి చూస్తోంది. "తీస్తాంటే కుంగిపోతాదమ్మా! అదేమన్నా చంటిబిడ్డా, ఊపిరాడతాందా లేదా అని సూసేదానికి?" అని కూతురు కోమలి కసిరింది. కోమలి పుట్టినరోజుకు బడి స్నేహితురాలు రూపశ్రీ ఊళ్లోంచి మొదటిసారి వచ్చింది. వాళ్లింట్లో కాలనీవాళ్ల నీళ్లు కూడా ముట్టరు. తిననని చెప్పడానికి సాకు దొరక్కూడదని ప్రసన్న గుడ్డు మానేసింది, పళ్లెం కూడా కొత్తది కొన్నది. నడుమ కుంగిన కేకునే కోసిచ్చి, తడి లేని చేతులను కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది. రూపశ్రీ ముక్క పట్టుకుని కదలలేదు. "ఇంటికి ఎత్తుకపోతావా పాపా? కాగితంలో సుట్టిస్తా," అని చివరికి ప్రసన్నే దారి చూపింది.

"వద్దాంటీ. ఇంటికి ఎత్తుకపోతే పారేస్తారు. ఈడనే తినేస్తా," అంది రూపశ్రీ.

ప్రసన్న రెండో ముక్క కోసింది. అది మొదటిదానికన్నా పెద్దగా తెగింది.