ఒకే మందు, రెండు పేర్లు

మా నాయన ఆళ్లగడ్డలో పరుపులు కుట్టేవాడు. నలభై ఏళ్లు నేలమీద కూర్చుని కుట్టి కుట్టి మోకాళ్లు పట్టేశాక ఆ పని మానేశాడు. అప్పటినుంచి ఆయనకూ అమ్మకూ ఆధారం నెలనెలా వచ్చే పింఛను, నంద్యాలలో బడి పిల్లలకు వంట చేసే నేను పంపే నాలుగు డబ్బులు. అందులో సగానికి పైగా మందులకే పోయేది.

నిరుడు వానాకాలంలో ఒక ఆదివారం ఇంటికి వెళ్తే, నాయన కాలి బొటనవేలికి గుడ్డ చుట్టుకొని ఉన్నాడు. చెప్పు కరిచిన పుండు నెల దాటినా మానలేదట. షుగరు గుళికలు వేసుకుంటున్నావా అని అడిగాను. "ఆఁ" అన్నాడు, ఎటో చూస్తూ. అనుమానమొచ్చి మందుల డబ్బా తెరిచాను. ఎప్పుడో అయిపోవాల్సిన గుళికలు సగం అలాగే ఉన్నాయి.

"నాయనా, దినం తప్పి దినం వేసుకుంటాండావా?"

"మెల్లగా మాట్లాడు పాపా, మీయమ్మ ఇంటాది. నాకేం, గట్టోణ్ణి. ఆమెకే ఊరికే తల తిరుగుతాంది. దానికి కొత్తగా ఇంకో మందు రాసినారు. అన్నిటికీ దుడ్లు యాడ తెద్దాం?"

కోపం, ఏడుపు కలిసి వచ్చాయి నాకు. ఇంతకంటే ఎక్కువ పంపే దారి లేదు. మరునాడు బడికి సెలవు చెప్పి, ఇంట్లో ఉన్న మందులూ పాత చీటీలూ అన్నీ ఒక సంచిలో వేసుకొని, ఇద్దరినీ నంద్యాల బస్సెక్కించాను.

ప్రభుత్వాసుపత్రిలో మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. లోపల ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. నేను సంచి బల్లమీద కుమ్మరిస్తే విసుక్కోలేదు. ఒక్కొక్క అట్టా తిప్పి చదివింది. రెండింటిని పక్కకు తీసింది.

"ఈ రెండూ మీ అమ్మే వేసుకుంటాదా?"

"అవును మేడం. ఒకటి మా ఊళ్లో డాక్టరు రాసినాడు. ఇంకోటి పోయినేడు జ్వరమొచ్చి వేరే ఆస్పత్రిలో చేరినప్పుడు రాసినారు."

"పేర్లే వేరమ్మా. రెండూ ఒకే బీపీ మందు. రెండింతలు మింగుతాంటే తల తిరగక ఏమైతాది?"

అమ్మకు బీపీ చూస్తే బాగా దిగిపోయి ఉంది. మందు ఎక్కువై అమ్మకు తల తిరిగింది. ఆ తిరుగుడుకు ఇంకో మందు. అది కొనడానికి నాయన తన మందు తగ్గించుకున్నాడు. ఆ మాట కూడా డాక్టరమ్మకు చెప్పేశాను. నాయన అమ్మవైపు చూడలేక తల దించుకున్నాడు. విషయం అప్పుడే తెలిసిన అమ్మ మాత్రం ఊరుకోలేదు.

"నా కోసరం నీ కాలు పోగొట్టుకుంటావా? నిన్నెవురు అడిగినారు?" అని డాక్టరమ్మ ముందే కడిగేసింది.

డాక్టరమ్మ అమ్మకు బీపీ మందుల్లో ఒకటి, తల తిరుగుడు మందు తీసేసింది. నాయన పుండుకు కట్టు కట్టించింది. షుగరు గుళికలు ఆసుపత్రిలోనే ఊరికే ఇచ్చారు. మిగతావి జనరిక్ షాపులో కొనమంది. అక్కడ ధర విని నాయన బెదిరిపోయాడు.

"ఇంత తక్కువకు ఇస్తాండావంటే ఇది మందా, సున్నమా అప్పా?"

"మందు అదే పెద్దాయనా. పేరుకు పెట్టే దుడ్లు తగ్గినాయంతే," అని నవ్వాడు షాపతను.

ఇంటికొచ్చాక కొత్త తంటా. అమ్మకు చదువు రాదు, రంగును బట్టే మందు గుర్తు. ఇప్పుడన్నీ తెల్లవే. "నా గులాబీ గుళిక యాడ?" అని మొండికేసింది. నాయన సూదీ దారం అడిగాడు. స్టూలు మీద కూర్చుని, పరుపు గుడ్డ ముక్కకు వరసగా జేబులు కుట్టాడు. పొద్దున వేసుకునేవాటికి ఎర్రదారంతో సూర్యుడు, రాత్రివాటికి నీలిదారంతో చంద్రుడు. దాన్ని గోడకు తగిలించి, దూరం నుంచి చూసుకొని మురిసిపోయాడు.

పదిహేను రోజులకు అమ్మ తల తిరుగుడు పోయింది. ఒంటరిగా మార్కెట్టుకు నడిచి వెళ్లి, వంకాయల దగ్గర బేరమాడి వచ్చింది. రెండో నెలకు పుండు మానింది. పరీక్షలు చూసి డాక్టరమ్మ "ఇద్దరూ గెలిచినారు" అంది.

ఆ జేబుల గుడ్డ చూడ్డానికి వీధి వాళ్లు రావడం మొదలైంది. కుట్టివ్వమని అడిగితే నాయన షరతు పెట్టేవాడు. "ముందు నీ మందులన్నీ సంచిలో ఎయ్యి, నాతోపాటు నంద్యాలకు రా. డాక్టరు చెప్పకుండా ఒక్క గుళిక మానొద్దు."

పోయిన నెల నంద్యాల బస్టాండులో నాయన వాళ్ల కోసం నిలబడ్డాను. బస్సులోంచి ఎనిమిది మంది ముసలివాళ్లు దిగారు, తలా ఒక సంచితో. అందరికంటే ముందు నాయన.

"నిలబడి సూస్తాండావేంది పాపా? వీళ్లందరికీ ఓపీ చీటీలు రాయియ్యాల. బేగా పా!" అంటూ ఆసుపత్రి దారి పట్టాడు. నేను పరుగులాంటి నడకతో ఆయన వెనక వెళ్లాను.