చెయ్యి వదిలితే ఆగే బండి

మద్రాసు పేరు చెన్నైగా మారిన కొత్తలో నేను బీచ్ నుంచి తాంబరం దాకా తిరిగే కరెంటు రైళ్ళలో మోటర్‌మాన్‌గా పనిచేసేవాణ్ణి. మా ఇల్లు పెరంబూరులో. రైలు నడిపేవాళ్ళకు అప్పుడప్పుడూ కళ్ళూ, చెవులూ, రక్తమూ పరీక్ష చేస్తుంటారు. అలాంటి ఒక పరీక్షలో నా లివర్ సరిగా లేదన్నారు. దాని మీద ఇంకో పరీక్ష, ఆ పైన మరొకటి చేసి చివరికి హెపటైటిస్ సి అని తేల్చారు. పెళ్ళికి ముందు స్కూటర్ మీంచి పడి తొడ ఎముక విరిగినప్పుడు నాకు రక్తం ఎక్కించారు. అందులోంచి వచ్చి ఉండొచ్చని డాక్టరమ్మ అంది. అన్నేళ్ళూ అది ఒంట్లో పెట్టుకునే నేను పెళ్ళి చేసుకున్నాను, కూతుర్ని ఎత్తుకుని తిరిగాను. నా భార్యకూ కూతురికీ వెంటనే పరీక్షలు చేయించాం. వాళ్ళకేమీ లేదన్నారు.

మందు వారానికి మూడు సూదులు, ఏడాది పాటు. ఆస్పత్రిలో నర్సు దగ్గర నేర్చుకుని నా భార్యే ఇంట్లో వేసేది. మొదట్లో సూది పట్టుకుని వెనకాడేది. పోనుపోను వెనకాడటం మానేసి, పెదాలు బిగించి, పొట్ట మీద చర్మాన్ని వేళ్ళతో ఎత్తిపట్టి గుచ్చేసేది. సూది పడ్డ కాసేపటికి చలి మొదలయ్యేది. ఎండాకాలంలో దుప్పటి మీద దుప్పటి కప్పుకున్నా పళ్ళు టకటకమనేవి. చలి తగ్గాక జ్వరం, ఒళ్ళు నొప్పులు. దువ్వుకుంటే జుట్టు ముద్దగా ఊడి వచ్చేది. ఊరికే ఏడుపు వచ్చేది, ఊరికే కోపం వచ్చేది. మా అత్త సంతలో దొరికే నేలవుసిరి ఆకు నూరి మజ్జిగలో కలిపి తెచ్చేది. డాక్టరమ్మ వద్దన్నదని అత్తకు చెప్పలేక, ఆమె వెళ్ళాక తొట్లో పారబోసేవాళ్ళం.

ఆ ఏడాది నన్ను బండి ఎక్కనివ్వలేదు. ఎవరు ఏ బండికి వెళ్ళాలో చూసే ఆఫీసులో ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. మందు అయిపోతే అన్నీ మునుపటిలా అవుతాయని నాకు నేను చెప్పుకుంటూ గడిపాను.

చివరి సూది అయ్యాక చేసిన పరీక్షలో రక్తంలో వైరస్ కనపడలేదు. డాక్టరమ్మ తమిళంలో నెమ్మదిగా చెప్పింది.

"ఇది మంచి వార్తే. కానీ మందు ఆపిన ఆరు నెలలకు మళ్ళీ చూడాలి. అప్పుడు కూడా కనపడకపోతేనే పోయిందని అనుకోవచ్చు. కొందరిలో తిరిగి వస్తుంది."

ఇంటికొచ్చేదాకా నా చెవుల్లో ఆ చివరి మాటే ఉంది. నా భార్య ఆ రోజు వంజరం చేపల పులుసు చేసింది. కూతురు నా పక్కనే కూర్చుని ముళ్ళు తీసిపెట్టింది. నేను నవ్వాను, తిన్నాను. తినేసి చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోయాను. గోడ పట్టుకుని ఎవరూ చూడకుండా నిలబడ్డాను.

బండి నడపవచ్చని కాగితం ఇచ్చారు. కళ్ళు బాగున్నాయి, చెవులు బాగున్నాయి, లివర్ కూడా దారిలో పడింది. అలసటను కొలిచే పరీక్ష ఏదీ లేదు. ఉంటే నాకు ఆ కాగితం వచ్చేది కాదు.

ఆ అలసట ఎలాంటిదో చెప్పడం కష్టం. అది నిద్రమత్తు కాదు. కంటినిండా నిద్రపోయి లేచినా, తెల్లార్లూ ఎవరో నాచేత బియ్యం మూటలు మోయించినట్టుండేది. స్టేషన్లో మెట్లవంతెన ఎక్కుతూ సగంలో ఆగి, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు కిందికి చూస్తూ నిలబడేవాణ్ణి. అలసట వచ్చినప్పుడల్లా అది తిరిగి వస్తోందేమోనని గుండె దడదడలాడేది. దడ తగ్గేసరికి ఇంకా నీరసం. ఇక ఆ నీరసం చూసి మళ్ళీ భయం.

పొద్దున లేస్తూనే అద్దం తీసుకుని వాకిట్లోకి పోయేవాణ్ణి. ఇంట్లో దీపం వెలుగులో కళ్ళు పచ్చగా కనపడతాయి, అందుకని ఎండలో చూసుకోవాలి. రెప్ప కిందికి లాగి చూసుకునేవాణ్ణి. గోళ్ళు చూసుకునేవాణ్ణి. ఎక్కడన్నా దురద పుడితే కామెర్లకు ముందు ఒళ్ళు దురదపెడుతుందని ఎవరో అన్నది గుర్తొచ్చేది. నా భార్య కాఫీ ఇస్తూ ఒక్కోసారి గ్లాసు వదలకుండా నా మొహంలోకి చూస్తూ ఉండిపోయేది.

"ఏంది చూస్తా ఉండావు?"

"ఏం లేదండీ. కంట్లో నలక పడినట్టుంటే చూసినా."

ఇద్దరం అక్కడితో వదిలేసేవాళ్ళం.

బండిలో మాత్రం వదిలేసే వీలు లేదు. మేం నడిపే బండిలో ఒక పిడి ఉంటుంది. నడుపుతున్నంతసేపూ దాన్ని అరచేత్తో నొక్కిపట్టి ఉంచాలి. చెయ్యి తీస్తే బ్రేకులు వాటంతటవే పడి బండి ఆగిపోతుంది. నడిపేవాడికి ఏదన్నా అయితే వెనకున్న జనం బతకాలని పెట్టిన ఏర్పాటు అది. మునుపు దాని మీద చెయ్యి ఉన్న సంగతే నాకు తెలిసేది కాదు. అన్నం తినేటప్పుడు చెయ్యి గురించి ఆలోచిస్తామా? ఇప్పుడు బండి కదిలిన క్షణం నుంచి నా ధ్యాసంతా ఆ చేతి మీదే. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా, మణికట్టు బరువెక్కుతోందా అని చూసుకుంటూ ఉండేవాణ్ణి. ఆ క్యాబ్‌లో నేనొక్కణ్ణే. వెనక పెట్టెల్లో ఆఫీసులకు పోయేవాళ్ళు, పూలబుట్టలతో ఆడవాళ్ళు, తలుపుల దగ్గర వేలాడే కాలేజీ పిల్లలు. ప్రతి సిగ్నల్‌నూ పైకి చదివేవాణ్ణి. పచ్చ. పచ్చ. పసుపు. నా గొంతు వినపడుతుంటే మెలకువగా ఉన్నానని నమ్మకం.

ఆరు నెలలు కాకముందే ఆగలేక ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ నా పొట్ట నొక్కి చూసింది, రక్తం తీయించింది. రెండోసారి పిలిపించి అంతా బాగుందని చెప్పింది.

"మరి ఈ అలసట?"

"ఈ మందు చాలా గట్టిది. కొందరికి కోలుకోవడానికి చాలా కాలం పడుతుంది. మీరు భయపడుతున్నారు కూడా. భయం మనిషిని పిండేస్తుంది."

ఆ సాయంత్రం ఇంటికి తేలిగ్గా నడిచి వచ్చాను. కూతురికి జిలేబీ కొన్నాను. తెల్లారి లేచి అద్దం కోసం చెయ్యి చాపినప్పుడు ఆ తేలికదనం పోయిందని తెలిసింది. పరీక్షకు రక్తం ఇచ్చింది మొన్న కదా, నిన్న తిరిగి వచ్చి ఉంటే? అలా ఆలోచించడం పిచ్చి అని నాకు తెలుసు. తెలిసినా ఆపలేకపోయాను.

బండి ఆగింది ఒక ఎండాకాలం మధ్యాహ్నం. రెండు స్టేషన్ల మధ్య మంచి వేగంలో ఉన్నాం. పట్టాల మీద ఎండ నీళ్ళలా తళతళలాడుతోంది. ఎదురుగా సిగ్నల్ పచ్చగా ఉంది. "పచ్చ" అని పైకి అన్నాను కూడా. అప్పుడు బ్రేకులు పడిన చప్పుడు వినపడింది. బండి కీచుమంటూ కుదిపి ఆగిపోయింది. నేను కిందికి చూసుకున్నాను. నా చెయ్యి పిడి మీద లేదు. నా తొడ మీద, పడుకున్న పిల్లి మాదిరి పడి ఉంది. దాన్ని నేను తీయలేదు. అది ఎప్పుడు జారిందో నాకు తెలియదు.

వెనక పెట్టెల్లోంచి తలలు బయటికి వచ్చాయి. ఎవరో ఈల వేశారు. క్యాబ్‌లో ఫోన్ మోగింది. చివరి పెట్టెలో ఉండే గార్డు. నాకంటే పెద్దవాడు, నెల్లూరు వైపు నుంచి వాళ్ళ తాతల కాలంలోనే వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం.

"ఏమప్పా, ఏమాయ?"

"ఏం లేదన్నా. చెయ్యి తీసేసినా. బయల్దేరతా ఉండా."

బయల్దేరాను. బీచ్ స్టేషన్ దాకా ఆ చేతి మీద రెండో చెయ్యి వేసి నొక్కిపట్టాను. ఎక్కడ ఆపానో, ఎలా ఆపానో గుర్తులేదు. ఒళ్ళంతా చెమట. జనం దిగిపోయాక గార్డు ప్లాట్‌ఫారం ఆ చివర నుంచి ఈ చివరకు నడుచుకుంటూ వచ్చాడు. నేను ఇంకా క్యాబ్‌లోనే కూర్చుని ఉన్నాను.

"నిద్ర పట్టిందా?"

"లేదన్నా. మేలుకొనే ఉండా. చెయ్యి మాట వినలా."

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "సెరి, విడువు. చెయ్యి జారిందని చెప్పు. ఒకసారి ఎవురికైనా అయితాది. ఇంతకంటే ఎక్కువ చెప్పినావంటే నిన్ను బండిలోంచి దించేస్తారు, చూసుకో."

"దించనీ అన్నా. ఈ పొద్దు ఆగింది. రేపు చెయ్యి జారకుండా నేనే తెలివి తప్పి, ఆగాల్సిన చోట ఆగకుండా పోతే ఎట్ల?"

ఆయన క్యాబ్ మెట్టు మీద కాలు పెట్టి నా మొహంలోకి చూశాడు. "భయపడతా ఉండావు నువ్వు."

"ఔనన్నా. చానా భయంగా ఉండాది."

ఆ మాట నేను బయటికి అనడం అదే మొదటిసారి. భార్యతో అనలేదు, డాక్టరమ్మతో అనలేదు. ఆయన నా సంచీ తీసి భుజాన వేసుకుని, నన్ను చెయ్యి పట్టి కిందికి దింపాడు. ఇద్దరం కలిసి ఆఫీసుకు పోయాం. తిరుగు బండి నేను తీసుకెళ్ళలేనని, ఆ మీదట కూడా నడపలేనని, జరిగింది జరిగినట్టు సూపర్‌వైజర్‌కు చెప్పాను. ఆయన విసుక్కుని వేరే మనిషి కోసం ఫోన్ చేశాడు. నన్ను మళ్ళీ ఆస్పత్రికి పంపుతామన్నాడు.

ఇంటికి వచ్చేసరికి నా భార్య వంటింటి గడప దగ్గర కూర్చుని చింతచిగురు ఏరుతోంది. కూతురు ట్యూషన్‌కు వెళ్ళింది. వేళ కాని వేళ నన్ను చూసి లేచి నిలబడింది. నేను గోడకానుకుని కూర్చుని అంతా చెప్పాను. ఆమె అడ్డం రాకుండా వింది. ఉద్యోగం ఏమవుతుందని అడుగుతుందనుకున్నాను. ఆమె చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నేను ఒకటి చెప్తా. అరవొద్దు."

"చెప్పు."

"మీకు సూది వేస్తా ఉన్నప్పుడు, మందు ఆఖరి రోజుల్లో, సూదికి మూత పెట్టేటప్పుడు నా వేలికి గుచ్చుకునింది."

నేను ఆమె చేతుల వైపు చూశాను.

"ఒక్క చుక్కే వచ్చింది. సోపేసి కడుక్కున్నా. తర్వాత పురసవాక్కం బజారుకి చీర కొనేదానికి పోతా ఉండానని పోయినా గదా, ఆ పొద్దు ఆడ ల్యాబులో రక్తం ఇచ్చినా. ఏం లేదన్నారు. కొన్నాళ్ళు పోయినాక ఇంకోసారి చూసుకోమన్నారు."

"చూసుకున్నావా?"

"లేదు. మీ ఆరు నెల్లు కానీలే అని ఉండా. మీదీ నాదీ రెండూ ఒకేసారి వింటే తట్టుకోలేనని."

ఆ పొద్దు ఆమె చీర కొనకుండా తిరిగి రావడం నాకు గుర్తుంది. రంగు నచ్చలేదంది. నేనప్పుడు వినీ విననట్టు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాను. నా కళ్ళలోకి చూసినట్టే ఆమె తన కళ్ళలోకీ చూసుకుని ఉంటుంది, నేను వాకిట్లో నిలబడ్డప్పుడు ఆమె వంటింట్లో. నాకు తిరిగి వస్తుందేమోనన్న భయం ఆ క్షణంలో ఎక్కడికో పోయింది. దాని చోట అంతకన్నా పెద్దది వచ్చి కూర్చుంది. ఆ చలి, ఆ జ్వరం, ఆ ఏడుపు ఈమెకు రాకూడదు. నేను అరవలేదు. ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని చూశాను. ఏ వేలో చెప్పమంటే ఆమెకే సరిగా గుర్తులేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం ల్యాబుకు వెళ్ళాం. ఫలితం వచ్చేదాకా ఉన్న రోజులు నా జబ్బు రోజులకన్నా ఘోరం. ఆమె మామూలుగానే వండింది, బట్టలుతికింది, కూతురికి జడ వేసింది. నేను ఆమె వెనకాలే తిరిగాను. ఒకసారి కూరగాయలు కోస్తూ వేలు కాస్త తెగితే ఆమె కత్తిపీట దూరంగా నెట్టి, కూతుర్ని దగ్గరికి రావద్దని కేకేసింది. పిల్లకు ఏమీ అర్థం కాక బిక్కమొహం వేసింది. ఆమె రక్తంలో ఏమీ లేదని ల్యాబులో చెప్పినప్పుడు అక్కడి బెంచీ మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఆమె అలా ఏడవగా నేను చూడలేదు.

ఆ మీదట నా ఆరు నెలలూ నిండాయి. ఈసారి ఇద్దరం కలిసే వెళ్ళాం. నా రక్తంలో వైరస్ కనపడలేదు. ఇక ఏటికోసారి వస్తే చాలని డాక్టరమ్మ అంది. నన్ను బండి పనిలోంచి తప్పించి, ఆ ఏడాది కూర్చున్న ఆఫీసులోనే బల్ల పని ఇచ్చారు. తప్పించుకున్నాడని కొందరు అన్నారు. గార్డు మాత్రం బండి దిగినప్పుడల్లా బల్ల దగ్గరికి వచ్చి టీ తాగి పోయేవాడు.

ఆరు నెలల ఫలితం విన్న ఆ రోజు, ఆస్పత్రి గదిలో కుర్చీలోంచి లేవబోతుంటే నా భార్య డాక్టరమ్మను అడిగింది. ఆమెకు తమిళం నాకన్నా బాగా వచ్చు.

"అంతా బాగుందంటున్నారు. ఈయన అసతి ఎప్పుడు పోతుంది డాక్టర్?"

అసతి అంటే తమిళంలో అలసట. డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"నిజం చెప్పాలంటే నాకు తెలియదమ్మా. కొందరికి పోతుంది. కొందరికి కొంచెం మిగిలిపోతుంది."

ఏడాదిన్నరగా నాకు అందరూ ధైర్యం చెప్పారు. తెలియదని ఒక్కరూ అనలేదు. ఆ మాట విని నేను భయపడాల్సింది. భయపడ్డాను కూడా. కానీ ఈ అలసట నేను ఊహించుకుంటున్నది కాదని, బద్ధకం కాదని ఆమె నోటితో విన్నట్టయింది.

బయటికి వచ్చి స్టేషన్‌కు నడిచాం. ప్లాట్‌ఫారం మీదికి చేరేసరికి కాళ్ళు పీకుతున్నాయి. బెంచీ మీద కూర్చున్నాం. బండి వచ్చింది. నా భార్య లేచి నా మొహం చూసి మళ్ళీ కూర్చుంది. ఆ బండి పోయింది. కాసేపటికి ఇంకొకటి వచ్చింది.

"పోదామా?" అంది.

"ఇంకొంచెం సేపు," అన్నాను.

ఆమె సంచీలోంచి నీళ్ళ సీసా తీసి మూత తిప్పి నాకిచ్చింది.