అరగదీసిన పువ్వు

మొన్న ఆదివారం, నాలాగే పాత తుపాకుల పిచ్చి ఉన్న విజయనగరం మిత్రుడొకాయన ఫోనుకి ఫొటో పంపాడు. జపాను సైనికుల రైఫిలు. "ఎప్పటిదండీ?" అని అడిగాడు. యుద్ధం చివరి రోజులదని క్షణంలో చెప్పేశాను. చెప్పాక ఫోను బోర్లా పెట్టేశాను. ఈ విద్యే ప్రదర్శించి ఒకప్పుడు నేనొక ముసలాయన నోరు మూయించాను. ముప్ఫై ఐదేళ్ళయినా ఆ సిగ్గు పోలేదు.

ఆ రైఫిళ్ళని చూస్తే మీకు నవ్వొస్తుంది. ఓడిపోతూ, హడావుడిగా చేసినవి. కొయ్య మీద పనిముట్ల గాట్లు అలాగే ఉంటాయి. భుజానికి ఆనించే చోట ఇనుప రేకుకి బదులు ఓ చెక్క ముక్క కొట్టేసి ఊరుకున్నారు. నునుపైనవాటిని అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఈ మొరటువే ముద్దు. లైసెన్సులు, పేలకుండా గొట్టాలు మూయించడాలు, పోలీసు స్టేషను చుట్టూ తిరగడాలు... మా ఆవిడ దీన్ని నా రెండో సంసారం అంటుంది.

అలాంటిదొకటి కోటబొమ్మాళి దగ్గర మా చినతాత ఇంట్లో ఉండేది. ఆయన మా అమ్మకి చిన్నాన్న. బర్మాలో పోరాడి వచ్చిన సిపాయి. ఏటా దసరా ఆయుధపూజకి నాగలి, కొడవళ్ళు, గునపం మధ్యన దాన్ని పడుకోబెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి కథ చెప్పేవాడు. వానలో జపాను వాడొకడు మీద పడటం, తన పక్కనున్న రామతీర్థం ఊరి సిపాయి అడ్డం వచ్చి పోటు తిని ప్రాణం విడవడం, చినతాత ఆ తుపాకి లాక్కోవడం. వీధి వీధంతా కూర్చుని వినేది. కథలో వాన మాత్రం ఏటా కొంచెం పెరిగేది.

ఆ దసరాకి నేను కొత్తగా రెండు పుస్తకాలు చదివి ఉన్నాను. ఇంక ఆగుతానా! కథ అయ్యీ అవగానే పసుపు తుడిచి, గొట్టం మొదట్లో గరుగ్గా ఉన్న చోటు అందరికీ చూపించాను. ఇక్కడ వాళ్ళ చక్రవర్తి గుర్తు, ఒక పువ్వు ఉండాలి. ఓడిపోయి తుపాకులు అప్పగించేటప్పుడు దాన్ని అరగదీసేవారు. పోరులో లాక్కున్నదైతే పువ్వు ఉండేది, అని పాఠం చెప్పాను.

చినతాత అల్లుడు పకపకా నవ్వాడు. "అయితే ఏటి మావా, కుప్పలోంచి ఏరుకొచ్చినావేటి?"

చినతాత తుపాకి చేతిలోకి తీసుకున్నాడు. "అవునురా. యుద్ధం అయిపోనాక తెచ్చుకున్నాను" అన్నాడు. దాన్ని నా చేతుల్లో పెట్టి, "నువ్వే ఉంచుకో. దీని సంగతి నీకే బాగా తెలుసు" అన్నాడు. సిగ్గులేనివాణ్ణి, పొంగిపోయాను. కాగితాలు మార్పించుకుని మరీ తెచ్చుకున్నాను.

మరుసటి దసరాకి పూజలో నాగలి, కొడవళ్ళు, గునపమే ఉన్నాయి. కథ లేదు. వంటింట్లో చినమ్మమ్మ నన్ను పట్టుకుని కడిగేసింది.

"తుపాకి ఎక్కడిదైతే నీకేట్రా? ఆ సచ్చిపోయినోడు నిజం కాదా? ఆడికి పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. ఏడాదికోపాలి ఆడి పేరు పదిమంది సెవిన పడాలని ఈయన కత సెప్పేవోడు. ఇప్పుడెవుడు తలుస్తాడు, సెప్పు?"

చినతాత ఎదుట నిలబడి తప్పయిందని చెప్పడానికి నోరు రాలేదు. వేసవికి ఆయనే లేడు.

ఆ రైఫిలు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఏ కార్ఖానాలో చేశారో, నంబరెంతో తడుముకోకుండా చెబుతాను. రామతీర్థం సిపాయి పేరు మాత్రం, ఏటా విన్నదే, గుర్తు రావడం లేదు. చుట్టాలందర్నీ అడిగాను. ఎవరికీ తెలియదు. కాలం పేర్లు మరిపిస్తుందంటారు. ఈ పేరుని ఏటా దసరాకి ఆ కాలమే తెచ్చి ఇచ్చేది, ఆపింది నేను.