గుంటలకు నూనె

శ్రీకాకుళంలో మా ఇంటికి ఆ ఫోను వచ్చేసరికి ఉదయం ఆరు దాటింది. శృంగవరపుకోట అవతల, కొండ కింద ఊళ్లో ఉండే మా ఆడపడుచు సత్యవతి.

"వదినా, మీ సదువుకున్నోల నూనె మా బుజ్జి ఈపు కాల్సేసింది. పైగా మాకే బుద్ధి నేదంట, ఇంక నూనె ఇవ్వరంట. నువ్వు రా."

నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను కాబట్టి, లోకంలో మొక్కల నుంచి తీసే ప్రతి నూనెకూ నాదే పూచీ.

ఆమదాలవలసలో పాసింజరు ఎక్కి కొత్తవలసలో దిగాను. కోట బస్సు కోసం గంటకు పైగా ఎండలో నిలబడ్డాను. మీరు వెళ్తే విజయనగరంలోనే దిగి బస్సు పట్టండి. కొత్తవలసలో తిన్న ఇడ్లీ గురించి చెప్పకపోవడమే మర్యాద. బస్సులో పక్కన కూర్చున్న కూరగాయలావిడ నా పని విని, "దోమల్ని సంపడానికి నూనేటమ్మా, పకోడీలేత్తారేటి?" అంది. నిమ్మగడ్డి నూనెను తగుపాళ్లలో నిలవ నీటిలో కలిపితే మలేరియా దోమల లార్వాలు రెక్కలు రాకముందే చస్తాయని చెప్పాను. "మరైతే మంచిదే గదా" అంది.

మంచిదే. అంత మంచి నూనెను ఆపేస్తామంటున్నారనే నా మంటంతా.

మధ్యాహ్నానికి ఆటోలో ఊరు చేరాను. సత్యవతి మనవరాలు బుజ్జి చాప మీద బోర్లా పడుకుని ఉంది. నీళ్లు కలపని నూనె తగిలి వీపంతా బొబ్బలు. పక్క మంచం మీద దాని తల్లి మలేరియాతో వణుకుతోంది.

"మైకులో సెప్పినారు వదినా," అంది సత్యవతి. "గుంటలన్నిటికీ నూనె పట్టించండి, ఒక్క గుంటనీ వదలొద్దని. మేం వదల్నేదు."

మా వైపు గుంటంటే ఆడపిల్ల, గుంటడంటే మగపిల్లాడు. నీళ్లు నిలిచేది గొయ్యి.

బడి దగ్గర, ఆ నూనె పంచడానికి వచ్చిన మలేరియా ఆఫీసరు డబ్బాలు తిరిగి జీపెక్కిస్తున్నాడు. మన ప్రాంతం మనిషి కాదు. "గుంటంటే ఎవరికైనా నీళ్ల గుంటే కదా మేడమ్? ఒంటికి రాసుకునేవాళ్లకు ఎలా ఇవ్వమంటారు? చదువులేని జనం."

"చదివి రాసుకోలేదు, మీరు చెప్పింది విని రాశారు. మీ మాట ఇంత శ్రద్ధగా విన్న ఊరు ఇంకోటుందా? వానలు ముంచుకొస్తున్నాయి. ఈ డబ్బాలు వెనక్కి వెళ్తే రేపు వణికేవాళ్లకు మీ నిఘంటువు కప్పుతారా?"

అతను ఫోను తీసి పైవాళ్లతో మాట్లాడబోయాడు. సత్యవతి ఆగలేదు. "బాబూ, డబ్బాలు దింపు. గోతులెక్కడున్నాయో నాను సూపిత్తాను. గుంటల్ని మాత్రం నువ్వు ముట్టుకోకు."

జనం నవ్వారు. డబ్బాలు దిగాయి. ఆమె ముందు నడిచింది, అతను నూనె కొలిచి నీళ్లలో కలిపి ప్రతి గోతిలోనూ పోయించాడు. మైకులో మాట మార్చాడు. బుజ్జి దగ్గరికి వచ్చి తప్పు మాదేనని ఒక్క మాట చెప్పమన్నాను. "పైనుంచి వచ్చిన మాటే చదివానండీ" అని జీపెక్కాడు.

తిరుగుదారిలో, సాయంత్రం విజయనగరంలో రైలెక్కాను. ఎదుటి సీటులో ఓ తల్లి చంటివాడికి పాలు పడుతూ, తలెత్తకుండా, "ఒరే గుంటడా, సెయ్యి లోపలెట్టు" అంది.

పెట్టెలో కిటికీల దగ్గరున్న మగపిల్లలందరూ ఒక్కసారిగా చేతులు లోపలికి తీసుకున్నారు.