ముందే నింపిన గడులు

నేను సోషల్ టీచర్ని. పేరుకే సోషల్, పది మందిలో నోరు పెగలదని మా ఇంట్లో అంటారు. సికింద్రాబాద్‌లో ఒక సర్కారు బడిలో ఇరవై రెండేళ్ళుగా ఆదివాసీ ఉద్యమాల పాఠం చెప్తున్నాను. జల్, జంగల్, జమీన్. మూడు మాటలు, మూడు మార్కులు, మాటకొకటి. పేపర్లు దిద్దేటప్పుడు నా ఎర్ర పెన్ను ఆ మూడు మాటల కోసమే వెతుకుతుంది. దొరికాయంటే మిగతా జవాబు చదవదు. రాష్ట్రం కోసం ఉద్యమం నడిచిన రోజుల్లో టీచర్ల ర్యాలీలో అదే నినాదం గొంతు పోయేదాకా అరిచాను. పద్మారావు నగర్‌లో ఉండేవాళ్ళకు ఆ మూడింటిలో పరిచయమున్నది ఒక్కటే, అదీ రోజు విడిచి రోజు నల్లాలో వచ్చేది. ఆ నినాదం అడవిలో ఎవరు ఎందుకు అన్నారో పిల్లలకు చెప్తాను గాని, మా ర్యాలీలోకి ఎట్లా నడిచి వచ్చిందో ఎన్నడూ ఆలోచించలేదు. పక్క టీచర్ అరిచింది, నేనూ అరిచాను.

ఇంకో ఘనకార్యం కూడా ఉంది. ప్రతి జనవరి ఇరవై ఆరుకు మా బడిలో దేశమంతా కనిపించే డాన్సు ఒకటి వేయిస్తాం. పంజాబుకు పగిడీ, కేరళకు తెల్లచీర, ఆదివాసీలకు నెమలి ఈకల టోపీ. ఆ టోపీల తయారీ నాది. రెజిమెంటల్ బజార్‌లో చార్టులూ చమ్కీ కాగితాలూ కొనుక్కొచ్చి, రెండు రోజులు కూర్చుని కత్తిరిస్తాను. బాగా వస్తాయని పేరు కూడా ఉంది.

అట్లాంటి నాకు ఇంటింటి సర్వే డ్యూటీ పడింది. ఒక్కో ఇంటికి నంబరు వేసిన ఒక్కో ఫారం. కులం, మతం, మాతృభాష, చదువు, కొలువు, అన్నిటికీ గడులు. మా తాతలు దొరల గడీల ముందర చేతులు కట్టుకుని నిలబడ్డారట. నేను గడుల ముందర పెన్ను పట్టుకుని నిలబడ్డాను, అంతే తేడా.

సర్వేల్లో మా టీచర్లకొక పద్ధతి ఉంది. బయటికి పోయేముందే స్టాఫ్ రూములో అన్నం తింటూ అన్ని ఇళ్ళకూ ఒకటే ఉండే గడులు నింపి పెట్టుకుంటాం. జిల్లా, మండలం, వార్డు. దీంట్లో తప్పేం లేదు. కాని చెయ్యి ఒకసారి ఊపందుకుంటే వార్డు దగ్గర ఆగుతుందా? ఇళ్ళలో ఉండేవాళ్ళ జాబితాలో పేర్లు చూస్తూ పోతాం. పేరు తెలుగు పేరులా ఉంటే భాష తెలుగు, మతం హిందూ. ముస్లిం పేరు కనబడితే ఉర్దూ. మా గల్లీల్లో తమిళం, మరాఠీ మాట్లాడేవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి, తెలివైనదాన్ని గనక, అనుమానం ఉన్న ఇళ్ళు వదిలేశాను. అనుమానం లేని ఇళ్ళే నింపాను.

ఆ అనుమానం లేని ఇళ్ళలో ఒకటి మేడ కింది పోర్షన్. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేసే అమ్మాయి ఒక్కతే అద్దెకుంటోంది. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. పైన ఇంటావిడ ఉంటుంది, ఇల్లు ఆమెదే. ఆదివారం పొద్దున నేను పోయేసరికి నర్సు వాళ్ళ నాన్న ఆదిలాబాద్ దిక్కు నుంచి వచ్చి ఉన్నాడు. తెల్లచొక్కా, భుజం మీద తువ్వాల. "రామ్ రామ్ టీచరమ్మా" అని కుర్చీ చూపించాడు. ఆశ్రమ బడిలో పంతులుగా చేసి రిటైరయ్యానని చెప్పాడు. సాటి టీచరని నాకు హాయిగా అనిపించింది. అంతకంటే పొరపాటు ఇంకోటి లేదు.

చదువు, కొలువు, అద్దె ఎంత కడుతున్నదీ అడిగి రాసుకున్నాను. కులం గడిలో ఆ అమ్మాయి గోండు అని మెల్లగా చెప్పింది, రాశాను. దాని పక్కనే నేను ముందే నింపిన రెండు గడులున్నాయి. వాటి మీదుగా నా కళ్ళు ఏ అడ్డూ లేకుండా జారిపోయాయి. సంతకం పెట్టింది. నేను లేవబోతుంటే పెద్దాయన ఒకసారి చూస్తానని ఫారం తీసుకున్నాడు. జేబులోంచి అద్దాలు తీసి, పరీక్ష పేపర్ దిద్దేవాడిలా పైనుంచి కిందికి వేలు నడిపిస్తూ పోయి ఒక దగ్గర ఆపాడు.

"టీచరమ్మా, ఇది ఎప్పుడడిగిన్రు?"

మాతృభాష: తెలుగు. మతం: హిందూ.

అడిగినట్టే గుర్తు అని గొణిగాను. ఆయన కోపం చేసుకోలేదు. నా పెన్ను అడిగి తీసుకుని, ఫారం అంచున చిన్న గీత గీసి చూపించాడు. నా చేతిలోది నీలం పెన్ను. ఆ రెండు గడులూ, జిల్లా, మండలం, వార్డు నల్ల సిరాలో ఉన్నాయి. ఇరవై రెండేళ్ళు కాపీ కొట్టే పిల్లల్ని పట్టుకున్నదాన్ని, ఆ పూట నేనే దొరికాను.

"బాపూ, ఊకో" అంది నర్సు. "మేడంకు ఇంకా మస్తు ఇండ్లున్నయి."

ఆ తరువాత ఇద్దరూ వాదులాడుకున్నారు, నాకు తెలియని భాషలో. నేను ఏళ్ళ తరబడి ఎవరి పాఠం చెప్తున్నానో వాళ్ళ మాట వినడం అదే మొదటిసారి. ఒక్క ముక్క అర్థం కాలేదు. నా ఫారంలో తెలుగు మాతృభాషగా ఉన్న ఇంట్లో తగాదా మాత్రం తెలుగులో జరగలేదు. మధ్యలో 'ఇల్లు', 'ఆంటీ' అన్న రెండు మాటలు పట్టుకోగలిగాను. నర్సు మాటిమాటికీ పైకప్పు వైపు చూస్తోంది.

తరువాత ఆమే నాకు తెలుగులో చెప్పింది. సిటీలో ఇల్లు దొరకడానికి మూడు నెలలు తిరిగిందట. ఎవరు మీరు, ఏం తింటారు అని ప్రతి ఇంట్లోనూ ఆరా. గోండులమని చెప్పిన రెండు చోట్ల, చుట్టాలొస్తున్నారు, ఇల్లు ఇవ్వడం లేదన్నారు. ఇక్కడ అడిగితే హిందువులమని చెప్పి ఊరుకుంది.

"అబద్ధమేం కాదు మేడం. నిజం సుత కాదు. గా కాయితం ఆంటీ కంట్ల పడితే మల్ల పరేషాన్. గట్లనే ఉండనియ్యుండ్రి."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఫారం అట్లాగే ఉంటే నా తప్పూ అట్లాగే కప్పబడి ఉంటుంది. సంతోషంతో ఆగస్టు పదిహేను ఉపన్యాసం అందుకున్నాను. ఏ భాష మాట్లాడినా, ఏ దేవుణ్ణి మొక్కినా అందరం భారతీయులమే కదా పెద్దాయనా అన్నాను.

"భారతీయులు అని రాసేటందుకు ఇందుల గడే లేదు గద, టీచరమ్మా" అన్నాడాయన. "ఎందుకు లేదు? దాని మీద పంచాదే లేదు. మేం ఈ దేశపోళ్ళం కాదని ఎన్నడన్నం? మేము ఎట్లున్నమో అట్లనే ఉండి ఈ దేశంల ఉంటమన్నం. జనవరి ఇరవై ఆరు నాడు మా దండారి ఆటగాళ్ళు నెమలి ఈకల టోపీలు పెట్టుకొని ఎగురుతుంటే టీవీల మంచిగ చూస్తరు. ఇరవై ఏడు నాడు మల్ల మమ్ముల తెలుగోళ్ళను చేసి రాసుకుంటరు."

చార్టు కాగితాల టోపీల సంగతి నేను ఆయనకు చెప్పలేదు.

నర్సు తండ్రి మీద విసుక్కుంది. "నీకేం బాపూ, రేపు బస్సెక్కి పోతవ్. ఇక్కడుండేది నేను." అది నిజం. ఆయన కాసేపు తువ్వాల మడతపెడుతూ కూర్చున్నాడు. తరువాత బిడ్డ వైపు చూడకుండా, నాతో అంటున్నట్టు చెప్పడం మొదలుపెట్టాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయనకూ జనాభా లెక్కల డ్యూటీ పడిందట, అదీ సొంత గూడెంలోనే. ట్రైనింగులో నమూనాకు నింపి ఇచ్చిన ఫారంలో భాష తెలుగు అని ఉంది. కుర్రవాడు, కొత్త కొలువు, పైవాళ్ళు ఎట్లా రాస్తే అట్లా రాయాలనుకున్నాడు. గూడెం మొత్తాన్నీ అట్లాగే రాసేశాడు. ఒక్క ఇంట్లోనూ అడగలేదు. తన ఊరే కదా, అడిగేదేముంది అనుకున్నాడు.

"మా అవ్వకు తెలుగుల మంచినీళ్ళు అడగరాకపోవు" అన్నాడు, వాళ్ళ అమ్మ గురించి. "ఆమె పేరు పక్కన తెలుగు అని నా చేతితోని రాసిన."

ఆ తరువాత కొన్నేళ్ళకు మీటింగులు షురూ అయ్యాయట. భూమికోసం కొట్లాడిన మనం మన పేరు కోసం కొట్లాడకపోతే ఎట్లా, మన మాట, మన వేల్పులు ఏవో మనమే చెప్పాలి అని. ఆ మీటింగుల్లో ఈయనే ముందు. సెలవుల్లో సైకిలు మీద గూడెం గూడెం తిరిగి, ఎవరొచ్చి రాసుకున్నా గోండి అని రాయించండి అని చెప్పేవాడట. అప్పటికి వాళ్ళ అమ్మ లేదు.

"టీచరమ్మ ఒక్క ఇల్లు తప్పు రాసింది. నేను ఊరంత రాసిన."

"నాకెన్నడూ చెప్పలే" అంది నర్సు.

"ఇది చెప్పుకునే ముచ్చటనా, బిడ్డా?"

ఆమె ఫారం చేతిలోకి తీసుకుంది. చదవలేదు, అట్లాగే పట్టుకుంది. కాసేపటికి, రేపు ఇదే టైముకు కొత్త ఫారం తీసుకురమ్మంది. ఏం రాయాలో అప్పుడు చెప్తానంది. పెద్దాయన ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

కొత్త ఫారం అంటే బజార్లో దొరికేది కాదు. పాత నంబరు రద్దు చేయాలంటే ఎందుకో రాసివ్వాలి. మా సూపర్‌వైజర్ మా హెడ్మాస్టరే, సర్వే కోసం ఆ ఆదివారం కూడా బడిలోనే ఉన్నాడు. 'అనివార్య కారణాల వల్ల' అని మొదలుపెట్టి రాసిచ్చాను. ఆయన చదివి, "అనివార్యం ఏందమ్మా, నివారించొచ్చు గద" అని వెనక్కి తోశాడు. ఈసారి ఉన్నది ఉన్నట్టు రాశాను. ఇంటికి పోకముందే మాతృభాష, మతం నింపితిని, అడగలేదు, తప్పు నాది. ఆయన రెండుసార్లు చదివి, నువ్వొక్కదానివేనా అని అడిగాడు. నేను స్టాఫ్ రూము వైపు చూడకుండా ఉండాలనుకుంటూనే చూశాను.

ఆ సాయంత్రానికి అందరికీ ఆర్డరు వచ్చింది. ముందే నింపిన ప్రతి ఇంటికీ మళ్ళీ పోయి అడిగి రావాలి. నీ నిజాయితీ పుణ్యమా అని మా వచ్చే ఆదివారం కూడా పోయింది అని లెక్కల టీచర్ అంది. ఆమె లెక్క ఎప్పుడూ కరెక్టే. వారం రోజులు నా చాయ్ నేనే పోసుకున్నాను. నా వంతు ఇళ్ళలో ఒక దర్జీ కుటుంబం ఉంది. నల్లగొండ దిక్కు వాళ్ళు, ముస్లింలు. ఉర్దూ అని నింపి పెట్టాను. మళ్ళీ పోయి అడిగితే దర్జీ భార్య, "మాకు ఉర్దూ సరిగ్గ రాదమ్మా, మా అత్త నన్ను తిట్టేది సుత తెలుగులనే" అంది.

నర్సు ఇంటికి మాత్రం ఆమె చెప్పినట్టే సోమవారం పొద్దున పోయాను. అప్పటికే డ్యూటీ బట్టలు వేసుకుని తయారుగా ఉంది. పెద్దాయన అదే కుర్చీలో ఉన్నాడు. మూడో మనిషి కూడా ఉంటుందని నేను అనుకోలేదు. ఇంటావిడ మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. రేపు రానా అని నేను కళ్ళతోనే అడిగాను. నర్సు తల అడ్డంగా ఊపి కూర్చోమంది.

పైనుంచి మొదలుపెట్టి ఒక్కో గడీ అడిగాను, జిల్లాతో సహా. మాతృభాష దగ్గర ఆగాను.

"గోండి" అంది.

మతం దగ్గరికి వస్తే, ఫారంలో ఒక్కో మతానికి ఇచ్చిన కోడ్ నంబర్లలో వాళ్ళది లేదు. ఇతరములు అని ఉంది, పక్కన చిన్న గీత. అందులో కోయా పూనెం అని రాయమంది. చోటు సరిపోదేమో అన్నాను. చిన్నగా రాయండి గాని రాయండి అన్నాడు పెద్దాయన.

ఇంటావిడ చెయ్యి ఆగింది. "అదేందమ్మా?"

"మా ధర్మం, ఆంటీ. మేము గోండులం. ఇల్లు అడిగిననాడు చెప్పలే. ఇయ్యాల చెప్తున్న."

"మరి మొన్న మా వ్రతం ప్రసాదం తింటివి గద?"

"ఆకలైంది ఆంటీ."

ఇంటావిడ ఓహో అంది. ఆ ఓహోకు కూడా నా దగ్గర కోడ్ లేదు. చిక్కుడుకాయల గిన్నె తీసుకుని మెట్లెక్కి పోయింది. పైన తలుపు వేసిన చప్పుడు వినబడింది.

అప్పటిదాకా నిటారుగా కూర్చున్న పెద్దాయన ముందుకు వంగాడు. నిన్నటి గట్టితనం ఆయన మొహంలో లేదు. "ఖాళీ చెయ్యమంటదా, బిడ్డా?"

"అంటే అననియ్యి" అంది నర్సు, సంతకం పెడుతూ. "ఇంకోటి దేవులాడుకుందం. ఈసారి గోండులమని చెప్పినంకనే అడుగుదం."

మూడు నెలలు తిరగడమంటే ఏమిటో ముందురోజే విన్నాను. ఫారం సంచీలో పెట్టుకుని పక్కింటికి పోయాను.

తరువాత నెలన్నరకు బోయిన్‌పల్లి మార్కెట్లో కనిపించింది. టమాటలు ఏరుతోంది. నేను అడగకముందే చెప్పింది, ఆ ఇంట్లోనే ఉందట. ఖాళీ చెయ్యమనలేదు. మొన్న పున్నమికి పైన వ్రతం చేసుకున్నారు గాని, పిలవనూ లేదు. బాపు మాత్రం రోజూ ఫోను చేసి ఇల్లు ఏమైంది, ఇల్లు ఏమైంది అని అడుగుతున్నాడట.

"ఏమని చెప్తున్నవ్?" అన్నాను.

"ఉన్నమని చెప్తున్న, మేడం" అంది. ఒక మెత్తటి టమాట పక్కకు తీసేసి, మిగతావి తూకానికి ఇచ్చింది.