మిల్లు ఆడని ఆదివారం

ఈ సాయంత్రం మా అత్తగారు మోకాళ్లకు నొప్పుల నూనె రాసుకుని, ఆ చేతులతోనే పాపను ఎత్తుకోబోయారు. ముందు ఘాటుగా, ఆపైన కాస్త తియ్యగా ఉండే ఆ వాసన గదంతా పరుచుకుంది. "ముందు చేతులు కడుక్కోండి అత్తయ్యగారూ" అన్నాను. నా గొంతు నాకే పెళుసుగా వినిపించింది. ఆవిడ చిన్నబుచ్చుకున్నారు. ఎందుకలా అన్నానో చెప్పాలంటే సుభద్ర మేడం గారి గురించి చెప్పాలి. పాప నిద్రపోయింది కనుక రాస్తున్నాను.

మేడం గారు రామచంద్రపురం కాలేజీలో మాకు కెమిస్ట్రీ చెప్పేవారు. మండపేటలో మా పక్క వాటాలోనే అద్దెకుండేవారు. ప్రాక్టికల్స్‌లో రీడింగు తేడా వస్తే దిద్దనిచ్చేవారు కాదు. "వచ్చిందే రాయండి. కావలసింది రాసుకోవడానికి ల్యాబ్ ఎందుకు? ఇంట్లో కూర్చునే రాసుకోవచ్చుగా!" అనేవారు. మేం ఆవిడ వెనక నవ్వుకునేవాళ్లం.

నేను బీఎస్సీ రెండో ఏడు చదువుతుండగా, ఒక శనివారం అమ్మా నాన్నా మొక్కు తీర్చుకోవడానికి పట్టిసీమ వెళ్లారు. మోకాళ్లు పట్టేసి మంచం దిగలేకుండా ఉన్న నాయనమ్మను నాకు అప్పజెప్పారు. మా ఊళ్లో నొప్పులకు బియ్యం మిల్లు తవుడు మూటగట్టి, పెనం మీద వేడిచేసి కాపడం పెడతారు. వాళ్లు తిరిగొచ్చేసరికి ఆమెను నడిపించాలని నా ఆశ. మందుల షాపు నుంచి నొప్పుల నూనె తెచ్చి, మోకాళ్లకే కాక తొడలకూ నడుముకూ పట్టించి, దాని మీద వేడి మూట అద్దాను. "హాయిగా ఉందే అమ్మడూ" అంటే మళ్లీ రాశాను. ఆదివారం మధ్యాహ్నానికి రెండు సీసాలు ఖాళీ అయ్యాయి.

భోజనాల వేళకు నాయనమ్మ ఉలిక్కిపడి లేచి కూర్చుంది.

"ఆ మిల్లు ఆపమనవే. చెవులు గింగురుమంటున్నాయి."

"ఇవ్వాళ ఆదివారం నాయనమ్మా. మిల్లు ఆడదు."

"ఆడుతుంటే ఆడదంటావేంటే? మీ తాత ఇంజను వదిలేసి ఎటు పోయాడో!"

తాతయ్య పక్క వీధి మిల్లులో ఇంజను డ్రైవరు. పోయి అప్పటికే పదేళ్లయింది. వీధిలో చప్పుడే లేదు. ఆమె మాత్రం తల ఒక పక్కకు వంచి, ఖాళీ గుమ్మం వైపు చూసి నవ్వింది. ఒళ్లు కాలిపోతోంది. చెమటలు కారిపోతున్నాయి. మైళ్లు పరిగెత్తినట్టు ఎగరొప్పుతోంది. మంచం దిగని మనిషికి అంత ఆయాసం ఎక్కడిది? నాకూ ఎక్కడో ఇంజను వినిపించినట్టయి, పక్క వాటాలోకి పరిగెత్తాను.

మేడం గారు మా గుమ్మంలో ఆగి గాలి పీల్చారు. "ఏం రాశావు?" అన్నారు. సీసా చూపించాను. రిక్షా వచ్చేలోపు ఆవిడే సబ్బునీళ్లతో నాయనమ్మ ఒళ్లంతా కడిగారు.

ఆస్పత్రిలో డాక్టరు గారు ఛాతీ పరీక్షించి, "ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరినట్టుంది. ఇంట్లో మందులేమైనా వాడారా?" అన్నారు.

"లేదండి" అన్నాను.

"చెప్పమ్మా" అన్నారు మేడం గారు, నా వైపు చూడకుండానే.

"కొంచెం నూనె రాశానండి. ఒకసారి."

"రీడింగు ఎంత?" క్లాసులో అడిగినట్టే అడిగారు.

ఏడుస్తూ చెప్పేశాను. రెండు సీసాలు, ఎనిమిది సార్లు, ప్రతిసారీ పైన వేడి కాపడం. డాక్టరు గారు రాస్తున్న చీటీ కొట్టేసి, గ్లూకోజులో సోడా బైకార్బొనేట్ కలిపి ఎక్కించమని నర్సుకు కేకేశారు.

వరండా బెంచీ మీద మేడం గారు మెల్లగా చెప్పారు. "ఆ నూనెదీ ఆస్పిరిన్ జాతే. వేడి తగిలితే చర్మం గబగబా తాగేస్తుంది. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక మిల్లుందనుకో. తిన్నది మండించి, ఆ బలంతో పని నడిపిస్తుంది. ఈ మందు మోతాదు మించితే బెల్టు జారిపోతుంది. ఇంజను ఇంకా జోరుగా తిరుగుతుంది, బియ్యపు గింజ రాదు. అంతా వేడైపోతుంది. చక్కెర తరిగిపోయి మెదడుకి చాలదు."

నాయనమ్మకు మిల్లు వినిపిస్తోందని నేను ఆవిడకు చెప్పనేలేదు.

"నేను చెప్పకపోయి ఉంటే?" అన్నాను. ఆవిడ నా అరచేయి వాసన చూసి, "వెళ్లి నువ్వూ కడుక్కో" అన్నారు.

మంగళవారం నాయనమ్మ నన్ను గుర్తుపట్టింది. "మిల్లు ఎప్పుడు ఆపారే?" అని అడిగింది. ఆస్పత్రి కిటికీ అవతల ఇంకో మిల్లు నిజంగానే ఆడుతోంది. ఆమెకు వినికిడి పూర్తిగా తిరిగి రావడానికి మరో వారం పట్టింది.

మేడం గారు ఇప్పుడు లేరు. పాపకు జ్వరమొచ్చిన ప్రతిసారీ పిల్లల డాక్టరు గారు ఇంట్లో ఏమైనా వేశారా అని అడుగుతారు. దాచడానికి ఏమీ లేకపోయినా నా నాలుక మీదకు ముందు "లేదండి" అనే మాటే వస్తుంది. అది పోయేదాకా ఆగుతాను. పోయిన నెల దాచడానికి నిజంగానే ఉంది. జ్వరం సిరప్ నేనొకసారి వేశాను, తెలియక అరగంటలోనే అత్తగారూ వేశారు. ఎన్ని చెంచాలో, ఏ వేళకో అన్నీ చెప్పాను.

తిరిగొస్తుంటే ఆటోలో మా వారు ముఖం ముడుచుకున్నారు. "అమ్మ సంగతి కూడా డాక్టరు ముందు చెప్పాలా?"

"ముందు నాదే చెప్పాను కదండీ" అన్నాను.