పందికొక్కుల వైకుంఠం

మాదన్నపేటలో వైకుంఠాన్ని ఎవరూ ఉద్యోగంతో గుర్తుపట్టరు. బస్సు డిపోలో టైర్లు మార్చేవాళ్లు బోలెడుమంది. పందికొక్కుల సినిమా కథ చెప్పేవాడు మాత్రం అతనొక్కడే. పెళ్లింట్లోనైనా, చావింట్లో దినాల నాడైనా, భోజనాలు కాగానే "అన్నా, జర గా పందికొక్కులది చెప్పరాదే" అని ఎవరో ఒకరు అడగాలి. ఇతగాడు వద్దు వద్దంటూనే లుంగీ ఎగగట్టాలి. లాడ్ బజార్‌లో గాజులమ్మే పక్కింటి బాబూమియా అయితే, ఆ కథ వినిపించడానికి కొత్త అల్లుణ్ణి పనిగట్టుకుని పిలుచుకొచ్చాడు.

అసలు సంగతేమిటంటే, ఆ సినిమా వైకుంఠం సగమే చూశాడు.

పెళ్లయిన కొత్తలో భార్య కళావతిని శాలిబండ టాకీసుకు తీసుకెళ్లాడు. అక్కడ ఆడవాళ్ల క్లాసు వేరు. దానికి పర్దా కట్టి, దీపాలార్పాక తీసేవారు. ఆమె అటు, ఇతను ఇటు. ఇంటర్వెల్ దాటాక పందికొక్కుల దండు గోదాములోంచి వచ్చి, అక్కడ కాపలా ఉన్న జమేదారు కాలు పట్టుకుందో లేదో, మన శూరుడు బెంచీ వదిలి బయటపడ్డాడు. మిగతా ఆటంతా పాన్ డబ్బా పక్కన నిలబడ్డాడు. ఆట వదిలాక గేటు దగ్గర భార్యతో "మస్తుగుంది" అన్నాడు. మర్నాడు డిపోలో కథ చెప్పమంటే, చూడని సగాన్ని సొంతంగా అల్లేశాడు. అందులో హీరో లారీ ఎక్కి, పందికొక్కుల రాజును ఒక్క గునపంపోటుతో చంపేస్తాడు. చెప్పగా చెప్పగా ఆ హీరోకు వైకుంఠం మీసాలు కూడా మొలిచాయి.

ఏళ్లు గడిచాక ఆ సినిమాయే అరిగిన ప్రింటుతో ఫలక్‌నుమా వైపు ఒక టాకీసులో మార్నింగ్ షోకు దిగింది. వైకుంఠం గుండెలో రాయి పడింది. గల్లీలో అతనికున్న ఒక్క పరువూ ఆ కథే.

"డ్యూటీ ఉంది భాయ్" అన్నాడు, సినిమాకు పిలవడానికొచ్చిన బాబూమియాతో.

"డ్యూటీ రోజూ ఉంటది. గల్లీ మొత్తం పోతున్నం, నువ్వు లేకుంటే ఎట్ల మియా?" అని బాబూమియా చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.

తెర మీద పందికొక్కులు వచ్చాయి. వాటి నడుములకు కట్టిన పురికొస స్పష్టంగా కనబడుతోంది. ఊరిని ధ్వంసం చేయాల్సిన ఒక పందికొక్కు అట్టముక్కల ఇంటి మీద కూర్చుని తీరిగ్గా మూతి తుడుచుకుంటోంది. జనం పడీ పడీ నవ్వారు. వైకుంఠం కూడా నవ్వాడు గానీ లోపల సిగ్గుతో చచ్చిపోయాడు. వీటిని చూసా తను పారిపోయింది?

జమేదారు తర్వాత పందికొక్కులు హీరో మీద పడ్డాయి. చూస్తుండగానే హీరో బూట్లు మాత్రం మిగిలాయి.

"భాయ్, హీరో మర్‌గయా!" అన్నాడు బాబూమియా.

"వస్తడు, మళ్ల వస్తడు" అన్నాడు వైకుంఠం, చెమట తుడుచుకుంటూ.

హీరో రాలేదు. హీరోయినే ఒంటరిగా గోదాముకు నిప్పంటించింది. సినిమా అయిపోయింది.

బయట గల్లీ జనమంతా వైకుంఠాన్ని చుట్టుముట్టారు. "లారీ ఏదన్నా? గునపమేదన్నా?" అని ఒకటే లొల్లి. ఆడవాళ్ల గేటులోంచి కళావతి, బాబూమియా భార్య ఖైసర్ బేగంతో కలిసి వచ్చింది.

"భాబీ, మీరు గూడ అప్పుడే చూసిన్రు గదా! ఈయన గన్ని అబద్ధాలు చెప్తుంటే ఒక్క మాటన్న అనకపోతిరి?" అన్నాడు బాబూమియా.

వైకుంఠానికి అప్పుడు వెలిగింది. ఆవిడా ఆ సినిమా చూసిందన్న సంగతి ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అతని బుర్రకు తట్టలేదు.

"నన్నెవ్వరడిగిన్రు భాయ్?" అంది కళావతి. "నాకు గూడ ఆనాడు పానం పోయినంత పనైంది. ఈయన ఉన్నడు గదా అని బెంచీల దిక్కు చూసిన. ఈయన జాగ ఖాళీగ ఉండె. ఒక్కదాన్నే కూసోని ఆఖరిదాకా చూసిన. గేటుకాడ 'నీకు భయమైందా' అని అడుగుతడేమో అనుకున్న. మస్తుగుందన్నడు. ఇంటికి పోయినంకన్న అడుగుతడనుకున్న. ఇగో, గిప్పటిదాకా అడగలే."

వైకుంఠం మొహం మాడిపోయింది. ఎవరి మొహమూ చూడకుండా భార్య దగ్గరికి జరిగి, మెల్లగా అడిగాడు.

"మరి... మస్తు భయమైందా?"

"అప్పుడైంది" అంది కళావతి. "ఇప్పుడేం లేదు."

ఖైసర్ బేగం రిక్షాను పిలిచింది. ఆడవాళ్లిద్దరూ ఎక్కి కూర్చుని మాట్లాడుకుంటూ వెళ్లిపోయారు. వైకుంఠం నడిచి ఇంటికి వెళ్లాడు.